ఎనిమిది-బి మీద కడుపుమంట

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఒకరిద్దరు ఇప్పటికీ మా ఇంటికి వస్తూ ఉంటారు. కాఫీ తాగాక తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. "ఇన్నేళ్ళ సర్వీసులో మీకు బాగా గుర్తున్న ఏడాది ఏది మేడమ్?" అని. పదో తరగతి పిల్లలంతా పాసైన ఏడాది గురించో, శాలువా కప్పిన ఏడాది గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు బాగా గుర్తున్న ఏడాది అది కాదు. బడి తెరిచిన రెండో నెల నుంచి వేసవి సెలవుల దాకా నేను ఒక మనిషిని చూసి కుళ్ళుకుంటూ గడిపిన ఏడాది ఒకటుంది. అదే గుర్తుంది. ఆ పిల్లలు ఏం చదివారో మరిచిపోయాను గానీ, నాకు ఏ రోజు ఎక్కడ మండిందో అంతా జ్ఞాపకమే.

తొంభైల నడిమి సంగతి. పామర్రు దాటి కాలవ గట్టు వెంట అయిదారు కిలోమీటర్లు లోపలికి వెళితే మా బడి వచ్చేది. చిన్న హైస్కూలు. హెడ్మాస్టారితో కలిపి తొమ్మిదిమందిమి. నేను తెలుగు పండితురాలిని. అప్పటికి ఆ బడిలో పదకొండేళ్ళుగా ఉన్నాను. నా గొంతు బాగుంటుందని, నేను పద్యం చదివితే కాలవ అవతల కోతలు కోసేవాళ్ళు కూడా ఆగి వింటారని ఊళ్ళో అనేవారు. నేను కాదనేదాన్ని కాదు.

చుట్టుపక్కల ఊళ్ళలో ఏడో తరగతితో చదువు ఆగిపోయేది. ఆ పిల్లలు కూడా మా బడికే రావడంతో ఎనిమిదికి మాత్రం ఏ, బీ అని రెండు సెక్షన్లు చేసేవాళ్ళం. ఏ సెక్షన్‌కి నేను క్లాస్ టీచర్‌ని. ఆ ఏడాది మా అమ్మాయి కూడా ఎనిమిదికి వచ్చింది. సొంత కూతుర్ని తన సెక్షన్‌లోనే పెట్టుకుందని ఎవరూ అనకూడదని నేనే హెడ్మాస్టారికి చెప్పి దాన్ని బీలో వేయించాను. ఆ పని ఎంత గర్వంగా చేశానో, తరవాత అంత ఏడ్చాను.

బీ సెక్షన్‌కి క్లాస్ టీచర్‌గా ఆ జూన్‌లోనే కొత్తగా ఒక హిందీ టీచర్ వచ్చింది. విజయవాడ పటమటలో వాళ్ళ ఇల్లు. భర్తకి అక్కడే స్టీలు సామాన్ల దుకాణం. ముస్లిముల అమ్మాయి. నాకన్నా పదేళ్ళు చిన్నది. రోజూ బందరు రోడ్డు బస్సులో పామర్రు దాకా వచ్చి, అక్కణ్ణించి షేరు ఆటోలో బడికి చేరేది. మా ఊళ్ళో హిందీ అంటే పాసు మార్కులు వస్తే చాలనుకునే సబ్జెక్టు. హిందీ టీచరంటే ఖాళీ పీరియడ్‌కి ఎవరూ దొరకకపోతే ఆవిడ. కాబట్టి మొదటి నెల నేను ఆమెను చాలా ప్రేమగా చూశాను. మజ్జిగ కూడా ఇచ్చాను.

శనివారం చివరి పీరియడ్ క్లాస్ టీచర్ది. ఏదైనా చేయించుకోవచ్చు. నేను మా సెక్షన్ చేత పద్యాలు కంఠస్థం చేయించేదాన్ని. ఆవిడ ఏం చేసిందంటే, వారానికో పిల్లో పిల్లాడో తనకి వచ్చిన పని ఒకటి క్లాసుకి నేర్పాలంది. టైలరు కొడుకు గుండీ కుట్టడం నేర్పాడు. ఒక రైతు కూతురు కళ్ళకి గంతలు కట్టుకుని, అరచేతిలో పోసిన వడ్లు తడిమి ఏ రకమో చెప్పింది. కొల్లేటి వైపు నుంచి వచ్చి మా ఊరి చెరువుల దగ్గర స్థిరపడిన ఒక చేపలవాళ్ళ పిల్ల ఉండేది. అమ్మ పామర్రు మార్కెట్లో చేపలమ్ముతుంది. ఏడో తరగతి దాకా ఆ పిల్ల నోరు విప్పి ఎరగదని పాత బడి నుంచి చెప్పి పంపారు. ఆ పిల్ల వల అల్లడం నేర్పింది. మధ్యలో మగపిల్లలు ముడి తప్పు వేస్తే "అట్టా కాదురా, చేప నవ్వుద్ది" అందిట. తరగతంతా ఒకటే నవ్వు. ఆ నవ్వు గోడ ఇవతల మా సెక్షన్‌లోకి వినపడింది. మా పిల్లలు పద్యం రెండో పాదంలో ఆగిపోయి కిటికీ వైపు తిరిగారు.

"ఇటు చూడండి" అన్నాను. చూశారు. చూపు ఇటు ఉంది, చెవులు అటు ఉన్నాయి.

మొదటిసారి మండింది అప్పుడే.

ఆగస్టు పదిహేనుకి ప్రతి ఏడూ మా సెక్షనే దేశభక్తి గీతం పాడేది. ఆ ఏడాది కూడా నెల రోజులు సాధన చేయించాను. బీ సెక్షన్ వాళ్ళు మాత్రం తెల్లారకముందే వచ్చి గ్రౌండులో ముగ్గుపిండితో మా ఊరి మ్యాపు గీశారు. కాలవలు నీలిరంగు, పొలాలు ఆకుపచ్చ, ఇళ్ళు ఒక్కొక్కటీ చదరంగా. జెండా ఎగరేశాక మా పాట మొదలైంది. సర్పంచిగారు మొదటి చరణం విన్నారు. రెండో చరణానికి కళ్ళు గ్రౌండు మీదికి పోయాయి. మూడో చరణానికి చెప్పులు విప్పి మ్యాపులోకి దిగి, "మా ఇల్లేదిరా?" అంటూ వెతుక్కుంటున్నారు. ఆయన వెనక ఊరు ఊరంతా దిగింది. చివరి చరణం నేను, నా పిల్లలు, జెండా కర్ర, అంతే.

హెడ్మాస్టారు మా దగ్గరికి వచ్చి, "పాట బాగుందండీ తెలుగు టీచర్ గారూ" అన్నారు. ఆయన పాదాలకి అప్పటికే నీలిరంగు అంటుకుని ఉంది.

ఇదంతా బళ్ళో. ఇంట్లో ఇంకో పాట. సాయంత్రం అన్నం దగ్గర కూర్చుంటే మా అమ్మాయి నోట "మా మేడమ్" తప్ప వేరే మాట రాదు. మా మేడమ్ ఇట్లా నవ్వుతుంది, మా మేడమ్‌కి కాకరకాయంటే ఇష్టం, మా మేడమ్ బస్సులో నుంచునే వస్తుందిట. నాకు ఏం ఇష్టమో ఆ పిల్ల పదమూడేళ్ళలో ఒక్కసారి అడగలేదు. మా ఆయన నవ్వి, "పోనీలేవే, మన పిల్లకి బడంటే ఇష్టం పుట్టింది కదా" అనేవారు. బడిలో నేను కూడా ఉన్నాననే సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

అసూయని నేను అసూయ అని ఎప్పుడూ అనుకోలేదు. మీరూ అనుకోరు. నేను దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టాను. సిలబస్ అని పేరు పెట్టాను. స్టాఫ్ రూములో, "పిల్లల్ని నవ్విస్తే సరిపోతుందా, పరీక్షలో నవ్వు రాస్తారా?" అని లెక్కల మాస్టారితో అన్నాను. ఆయన తలూపారు. తరవాత తెలిసింది, తన పీరియడ్‌లో ఆయన కూడా వడ్లు తెప్పించి తూకాల లెక్కలు చెప్పడం మొదలెట్టారని.

డిసెంబరులో చేతిరాత పత్రికలు వచ్చాయి. అది ఏటా ఉండేదే. ప్రతి సెక్షనూ తెల్లకాగితాల మీద రాసి, కుట్టి, అట్ట వేసి హెడ్మాస్టారి గదిలో పెట్టాలి. నా పత్రికకి పేరుండేది. గుండ్రటి అక్షరాలు, డ్రాయింగు మాస్టారి అంచులు, ఒక్క అక్షరం తప్పు ఉండదు. ఎట్లా ఉంటుంది? కవితలు నేను రాసి బోర్డు మీద పెట్టేదాన్ని, పిల్లలు చూసి రాసేవాళ్ళు. ఇది మోసమని నాకు తోచనే లేదు. నేర్పడం అంటే అదేననుకున్నాను.

బీ సెక్షన్ వాళ్ళు తమ ఇళ్ళలో పనిపాటల్లో వాడే మాటలన్నీ పోగేసి, ఒక్కో మాట వెనక ఒక్కో సంగతి రాస్తున్నారని మా అమ్మాయి చెప్పింది. మాటలంటే తెలుగు. తెలుగంటే నేను. నా మడిలో ఆవిడ నీళ్ళు పెట్టుకుంటోందని అనిపించింది. ఆ రాత్రి భోజనాలయ్యాక మంచి పద్యం ఒకటి రాసి, మా అమ్మాయికి ఇచ్చి, "ఇది మీ పుస్తకంలో మొదటి పేజీలో పెట్టుకోండి" అన్నాను.

అది చదివింది. బాగుందంది. కాగితం నా చేతికే తిరిగి ఇచ్చి, "వద్దమ్మా, మా దాంట్లో పెద్దవాళ్ళు రాసింది ఉండదు" అంది. ఆ పిల్ల మాటలో పొగరేమీ లేదు. ఉప్పు అందుకోమన్నట్టు మామూలుగా అంది.

నాలుగు రోజుల తరవాత హెడ్మాస్టారు సెలవులో ఉన్నారు. సీనియర్‌ని కాబట్టి ఇన్‌చార్జిని నేనే. ఆయన గదిలో అప్పటికే చేరిన బీ సెక్షన్ పుస్తకం చివరిదాకా తిరగేశాను. ఆ రోజు టపాలో విజయవాడ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పటమటలో ఒక బడివాళ్ళు చేతిరాత పత్రికల పోటీ పెడుతున్నారట. జిల్లాలో ఏ బడైనా రావచ్చు. ఒక్కో బడి నుంచి రెండు పత్రికల దాకా పంపవచ్చు. రాసిన పిల్లలే వచ్చి తమ పత్రిక గురించి చెప్పాలి.

'రెండు పత్రికల దాకా' అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగాయి. చాలాసేపు ఆగాయి. ఆ తరవాత ఉత్తరాన్ని మడిచి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. హెడ్మాస్టారు వచ్చాక, "పత్రికల పోటీ ఒకటుందండీ, మా ఏ సెక్షన్‌ని తీసుకెళతాను" అన్నాను. ఆయన ఉత్తరం చూపించమనలేదు. నా మీద అంత నమ్మకం. దరఖాస్తు ఫారం నేనే నింపాను. రెండో గడి ఖాళీగా వదిలేశాను.

పోటీ జరిగేదాకా నేను సంతోషంగా లేను, మీరు నమ్మండి. గెలుస్తానన్న ధీమా ఉంది కానీ అన్నం సయించేది కాదు. స్టాఫ్ రూములో ఆవిడ ఎదురైతే ముందు నేనే పలకరించేదాన్ని. ఆవిడ కొంచెం తక్కువ మాట్లాడుతోందని గమనించాను. బస్సు ప్రయాణం, అలిసిపోయి ఉంటుందనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆరుగురు పిల్లల్ని తీసుకుని విజయవాడ వెళ్ళాను. మా పిల్లల్లో నలుగురు విజయవాడ చూడటం అదే మొదలు. ఆటోనగర్ దగ్గర లారీల వరస చూసి అరిచారు. పోటీ జరిగే బడి పటమట స్టాపు నుంచి రెండు వీధులు లోపలికి. హాల్లో బెంచీల మీద పత్రికలు పరిచి ఉన్నాయి. మా పుస్తకమే అన్నిటికన్నా నిగనిగలాడుతోంది. పక్క బడుల టీచర్లు వచ్చి పేజీలు తిప్పి, "ఎంత చక్కని రాతండీ!" అన్నారు. ఒక గంట సేపు నేను మళ్ళీ పాత మనిషినయ్యాను.

న్యాయనిర్ణేతలు ముగ్గురు. అందులో పెద్దావిడ ఒకరు, రిటైరైన లెక్చరరు. మా బెంచీ దగ్గర ఆగి, శరదృతువు మీద ఉన్న కవిత తెరిచి మా క్లాసు లీడరుని అడిగారు. చురుకైన పిల్ల, నాకు ఇష్టమైన పిల్ల.

"ఇది నువ్వే రాశావా అమ్మా?"

"నేనే రాశానండీ."

"చాలా బాగుంది. ఈ ఊహ నీకెలా వచ్చింది?"

పిల్ల నావైపు చూసింది. భయపడి కాదు, జవాబు ఏదో తెలియక. "టీచర్ గారు బోర్డు మీద రాశారండీ. నేను చూసి రాశాను" అంది. ఆ పిల్ల దృష్టిలో రెండు జవాబులూ నిజమే. చేత్తో రాసింది తనే కదా.

పెద్దావిడ ఇంకో పేజీ తిప్పి ఇంకో పిల్లాణ్ణి అడిగారు. "మాకన్నీ టీచర్ గారే రాసిస్తారండీ" అన్నాడు వాడు నన్ను పొగుడుతున్నాననుకుని. ఆవిడ పుస్తకం జాగ్రత్తగా మూసి నావైపు చూశారు. ఎత్తిపొడిచే చూపు కాదు. అదయినా బాగుండేది. "చేతిరాత చాలా చక్కగా నేర్పారండీ" అని పక్క బెంచీకి వెళ్ళిపోయారు.

పక్క బెంచీ మీద అట్టలు ఊడిపోయిన పుస్తకం ఒకటుంది. నందిగామ వైపు బడి. ఆ పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ, మాట మీద మాట వేస్తూ చెబుతుంటే ఆవిడ అక్కడ పావుగంట నిలబడ్డారు. నాకు వెంటనే మా బీ సెక్షన్ గుర్తొచ్చింది. వాళ్ళ పుస్తకం ఇక్కడుంటే ఈవిడ కుర్చీ తెప్పించుకుని కూర్చునేది. ఆ సంగతి ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు.

మధ్యాహ్నం వరండాలో పిల్లల చేత పొట్లాలు విప్పిస్తుంటే, గేటులోంచి హిందీ టీచర్ వస్తోంది. చేతిలో పెద్ద స్టీలు క్యారియరు. మా పిల్లలు పొట్లాలు వదిలేసి పరుగెత్తారు. మా పిల్లలండీ, ఏ సెక్షన్ పిల్లలు. ఆవిడ వాళ్ళకి క్లాస్ టీచర్ కూడా కాదు. ఆ పరిస్థితిలో కూడా, అంత అవమానంలో కూడా, నాకు మండింది చూశారా, అది చెప్పకపోతే ఈ కథ చెప్పడం దండగ.

"కూరగాయల బిర్యానీ టీచర్ గారూ. గుడ్డు కూడా వెయ్యలేదు, ఎవరికే పట్టింపుందో అని" అంటూ ఆవిడ అందరికీ ఆకుల్లో వడ్డించింది. పిల్లలు తింటుంటే మేమిద్దరం అరుగు చివర కూర్చున్నాం.

"ఇవాళ ఇక్కడ పోటీ అని మీకెవరు చెప్పారు?" అన్నాను.

"మా ఇల్లు ఈ వీధి చివరేనండీ. గేటుకి కాయితం అంటించి నెల దాటింది. రోజూ బస్సు దిగి దాని ముందునించే పోతాను."



"నెల కిందే చూశారా?"

"చూశాను. ఒక్కో బడికి రెండు పుస్తకాలని కూడా చదివాను."

"మరి అడగలేదేం?"

"మీరు చెబుతారని చూశానండీ. మొదటి వారం మర్చిపోయారనుకున్నా. రెండో వారం హెడ్మాస్టారి టేబుల్ మీద మీరు నింపిన ఫారం కనపడింది. అప్పుడర్థమైంది."

"ఆయనకి చెప్పాల్సింది."

"చెప్తే అయిపోయేది. మా పుస్తకం కూడా ఇవాళ ఇక్కడుండేది." ఆవిడ గొంతు పెరగలేదు కానీ మొహం ఎర్రబడింది. "నాకూ పంతం వచ్చిందండీ. ఈవిడే వచ్చి చెప్పాలిగానీ నేనెందుకు పోయి అడగాలి అని. రోజూ మీ మొహం చూసేదాన్ని, ఇవాళైనా చెబుతుందేమో అని. ఆఖరి రోజు దాటిపోయాక చూసుకుంటే ఏముంది? మనిద్దరి మధ్య ముప్ఫై ఎనిమిదిమంది పిల్లల నోట్లో మట్టి కొట్టాం. మీరు మొదలెట్టారు, నేను పూర్తిచేశాను."

"క్షమించండి" అన్నాను.

"నాకెందుకు చెబుతున్నారండీ? ఆ పుస్తకం నాది కాదుగా" అని లేచి, పిల్లలకి ఇంకో విడత వడ్డించడానికి వెళ్ళింది.

బహుమతులేవీ మాకు రాలేదు. తిరుగు బస్సులో మా క్లాసు లీడరు నా పక్కన కూర్చుంది.  ఉయ్యూరు దాటాక చిన్నగా, "నేనేమైనా తప్పు చెప్పానా టీచర్?" అంది.

"లేదమ్మా. నిజం చెప్పింది మీ పిల్లలే, నేను కాదు" అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు. అయినా ఊరట కలిగినట్టు నా భుజం మీద తలవాల్చి నిద్రపోయింది.

సోమవారం ప్రార్థన కాకముందే హెడ్మాస్టారి గదికి వెళ్ళి ఉత్తరం టేబుల్ మీద పెట్టి జరిగింది చెప్పాను. బీ సెక్షన్ పిల్లలకి కూడా చెబుతానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"అయిందేదో అయింది. ఇప్పుడు పిల్లలకి చెప్పడం దేనికండీ? రేపటి నుంచి మీ మాట వింటారా?"

"వినకపోవచ్చండీ."

"మీ అమ్మాయి కూడా ఆ క్లాసులోనే ఉంది."

"అదే ఎక్కువ భయంగా ఉందండీ" అన్నాను.

మొదటి పీరియడ్ ఆవిడది. గుమ్మంలో నన్ను చూసి ఏమీ అడక్కుండా పక్కకి తప్పుకుంది. బయటికి మాత్రం వెళ్ళలేదు, కిటికీ దగ్గర నిలబడింది. పదకొండేళ్ళుగా ఆ గదిలో ఎన్ని వందల గంటలు మాట్లాడానో. ఆ రోజు చెప్పాల్సింది నాలుగు మాటలే. పోటీ ఉందని, రెండు పుస్తకాలు పంపవచ్చని, ఉత్తరం నేను దాచానని చెప్పాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. "మీ పుస్తకం మా పుస్తకం కన్నా బాగుందని నాకు తెలుసు. అందుకే దాచాను" అన్నాను.

 రెండో బెంచీలో మా అమ్మాయి తల వంచుకుని డెస్కు మీద గోటితో గీస్తోంది. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"నాది కూడా తప్పే" అంది కిటికీ దగ్గర నుంచి ఆవిడ. "నాకు తెలుసు. తెలిసీ అడగలేదు." ఆ మాట ఆవిడ అననక్కర్లేదు. అంది.

చేపలవాళ్ళ పిల్ల లేచి నిలబడింది. "ఆ పోటీ మళ్ళీ పెడతారాండీ?"

"తెలీదమ్మా. ఈ ఏడాదికి మాత్రం అయిపోయింది."

"అట్టాగాండి" అని కూర్చుంది. తిట్టినా, ఏడ్చినా నేను తట్టుకునేదాన్ని. ఆ 'అట్టాగాండి' మటుకు చాలా రోజులు నన్ను వెంటాడింది.

మా అమ్మాయి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. బడికి నాతో కాకుండా స్నేహితురాళ్ళతో వెళ్ళింది. నాలుగో రోజు కూరగాయలు తరుగుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీ పద్యం వద్దన్నాననేనా?"

"అదొక్కటే కాదు."

"మరి మా మేడమ్ మీద నీకెందుకమ్మా అంత కోపం?"

"కోపం కాదు. నువ్వు ఆవిడ మాట ఎత్తినప్పుడల్లా నాకు మంటగా ఉండేది."

"ముందే చెబితే నీ దగ్గర ఎత్తేదాన్ని కాదుగా" అంది. అంతే. బీన్స్ సగం తన ముందుకు లాక్కుని ఈనెలు తీయడం మొదలెట్టింది. పదమూడేళ్ళ పిల్లకి అంత తేలిగ్గా తోచిన ఉపాయం నాకు ఏడాది పొడుగునా తోచలేదు.

జూన్‌లో బదిలీలు జరిగాయి. హిందీ టీచర్‌కి విజయవాడకి దగ్గర్లో వచ్చింది. వీడ్కోలు సభలో నేను మాట్లాడాను, బాగానే మాట్లాడాను. పిల్లలు భోరుమని ఏడ్చారు. వేదిక మీద కూర్చుని, నేను బదిలీ అయితే వీళ్ళలో ఎంతమంది ఏడుస్తారా అని మొహాలు చూసుకున్నాను. అసూయ ఒక్క ఒప్పుకోలుతో పోతుందని మీకెవరైనా చెబితే నమ్మకండి. ఆవిడ ఆటో ఎక్కుతూ, "ఈ పిల్లల్ని మీరే తీసుకోండి టీచర్ గారూ" అంది. ఆవిడ వెళ్ళిపోయినందుకు నాకు హాయిగా ఉంది. అంత హాయిగా ఉన్నందుకు సిగ్గుగా కూడా ఉంది.

కొందరు పిల్లలు చదువు మానేయడంతో తొమ్మిదిలో రెండు సెక్షన్లూ కలిసి ఒకటయ్యాయి. క్లాస్ టీచర్‌ని నేనే. డిసెంబరు రాగానే పత్రిక సంగతి వచ్చింది. "ఈసారి బోర్డు మీద ఏమీ రాయను. మీరే రాయండి" అన్నాను. పాత ఏ సెక్షన్ పిల్లలు బిత్తరపోయారు. పాత బీ సెక్షన్ పిల్లలు వాళ్ళ పక్కన చేరి, "మీ ఇంట్లో ఏం జరిగిందో అది రాయవే" అని నేర్పారు. నేను కుర్చీలో కూర్చుని ఊరికే చూశాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను పడ్డ కష్టమంతా ఒకెత్తు, ఆ రెండు వారాలు నోరు మూసుకు కూర్చోవడం ఒకెత్తు.

చేపలవాళ్ళ పిల్ల తన పేజీ అందరికన్నా చివర తెచ్చి ఇచ్చింది. 'మేము వెళ్ళని పోటీ' అని పేరు పెట్టింది. అరపేజీ కూడా లేదు.

'మా పుస్తకం మంచిదే. కానీ ఎవరూ చూడలేదు. టీచర్ గారికి మా మేడమ్ గారి మీద అసుయ వచ్చింది. అందుకని ఉత్తరం దాచారు. తరవాత వచ్చి మాకు చెప్పారు. మా అమ్మకి కూడా మార్కెట్లో పక్కన చేపలు అమ్మే ఆవిడ మీద అసుయ వస్తది. ఆమె చేపలు ముందు అమ్ముడైతే ఆ రోజు మాకు ఇంట్లో తిట్లు. ఆమెకి కూడా మా అమ్మ మీద వస్తది. అయినా ఒకళ్ళు టీకి పోతే ఇంకొకళ్ళు రెండు గంపలూ చూస్తారు.'

నిలబడే చదివాను. రెండోసారి కూర్చుని చదివాను. ఆ పిల్ల టేబుల్ పక్కనే నిలబడి, గోళ్ళు చూసుకుంటూ ఎదురుచూస్తోంది.

"బాగాలేదాండీ?"

"బాగుందమ్మా."

"తప్పులున్నాయాండీ?"

అసూయకి రెండుచోట్లా దీర్ఘం లేదు. నా చెయ్యి ఎర్ర సిరా పెన్ను మీదికి వెళ్ళింది. ఆ పేజీ నాది కాదు. చేతిని వెనక్కి తీసుకున్నాను.

"ఏం లేవు" అన్నాను. "వెళ్ళి పుస్తకంలో కుట్టు."